దూరపు ఊరి డోలు

బాకాలు ఊదేవాళ్ళను చూడటానికి బసవపున్నయ్య విదేశాలకు పోనక్కర్లేదు. భద్రాచలంలో ఆయన పనిచేసే ఆఫీసులో, బల్లకు కుడిపక్క ఒకరూ ఎడమపక్క ఇద్దరూ పొద్దస్తమానం ఆ పనిమీదే ఉంటారు. అయినా ఎనభైల్లో ఒక మాఘమాసపు ఉదయం, నిజం ఇత్తడి బాకాలు చంకన పెట్టుకుని నిజం తెల్లవాళ్ళు ఒక వ్యానునిండా దిగేసరికి ఆయన కూడా రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏ దేశపోళ్ళు సార్?" అనడిగాడు జీపు డ్రైవర్ లాలు.

"చెకోస్లోవేకియా."

"ఏందీ?"

"చెకో... స్లో... మన ట్రెజరీ లాంటిదిలే. చెక్కు స్లోగా వస్తుంది."

లాలు నవ్వలేదు. అతని టి.ఏ. బిల్లు ఆరునెలలుగా ఆ ట్రెజరీలోనే నిద్రపోతోంది.

ఆ బ్యాండు మేళం సర్కారు పిలుపు మీద దేశం చూస్తూ, దారిపొడుగునా పాటలు వాయిస్తూ వస్తోంది. తాజ్‌మహల్ చూశారు, చార్మినార్ చూశారు, ఇక అడవి చూస్తామన్నారు. అడవి అనగానే హైదరాబాదులో ఎవరో పటం మీద వేలు పెట్టారు. ఆ వేలు వచ్చి బసవపున్నయ్య నెత్తిన పడింది. పొద్దున రామాలయం, మధ్యాహ్నం పర్ణశాల, సాయంత్రానికి అడవిలోపలి గూడెంలో కోయల కొమ్ము నాట్యం. వీళ్ళ పాట వాళ్ళు వినాలి, వాళ్ళ డోలు వీళ్ళు వినాలి, పెద్దసారు వచ్చి నడుమ నిలబడి ఫొటో దిగాలి.

"పున్నయ్యా, కొమ్ములు కనబడాలి" అన్నాడు పెద్దసారు ముందురోజు. "అడవిదున్న కొమ్ములు, వాటిమీద నెమలీకలు. ఫొటోలో కొమ్ములుంటే నీ ఫైలు మీద నా సంతకం ఉంటుంది."

పెద్దసారుకు సొంత కొమ్ములు మొలిచి చాలాకాలమైంది. కాకపోతే అవి ఫొటోలో పడే రకం కావు.

ఫైలంటే బదిలీ ఫైలు. బసవపున్నయ్య కృష్ణాజిల్లాలో పుట్టాడు. తండ్రి అశ్వారావుపేట పక్కన భూములు కొని వలస వచ్చాడు. ఆ భూములు అన్నదమ్ముల వాటాల్లో అరిగిపోయాయి. ఉద్యోగం భద్రాచలం తెచ్చి పడేసింది. భార్య రాఘవమ్మ ఖమ్మం శివార్లలో, ఖానాపురం హవేలిలో కొత్తగా కట్టిన ఇంట్లో ఉంటుంది. ఆయన శనివారం బస్సెక్కి పోతాడు, సోమవారం బస్సెక్కి వస్తాడు.

"మీరు ఇంటాయనా, వారానికొచ్చే చుట్టమా?" అంటుంది రాఘవమ్మ. "చుట్టమే నయం. కనీసం కోడిని కోసేదాన్ని."

"బదిలీ వస్తుందే."

"ఏళ్ళ తరబడి వస్తూనే ఉందిగా. నడిచొస్తోందా?"

బదిలీ అనే మాటలో నడిమి అక్షరం జారితే మిగిలేది 'బలీ' అని బసవపున్నయ్యకు ఆ మధ్య తోచింది. ఎవరితోనూ అనలేదు. ఆఫీసులో బాకాలు ఎక్కువ, చెవులు తక్కువ.

రామాలయం మెట్ల దగ్గర మొదటి చిక్కు వచ్చింది. బ్యాండు పెద్ద యరోస్లావ్ ఎర్రటి ముఖం, తెల్లటి మీసం ఉన్న మనిషి. వాద్యాలు వ్యానులో వదిలి రానన్నాడు. అందులో అందరికంటే పెద్దది తూబా. చెరువు తూము ఊడదీసి మెరుగుపెట్టినట్టు ఉంటుంది. దాన్ని భుజానికెత్తుకుని యరోస్లావ్ మెట్లెక్కుతుంటే, దిగొచ్చే భక్తులు అదేదో మొక్కుబడి అనుకుని పక్కకు తప్పుకుని దణ్ణాలు పెట్టారు.

బసవపున్నయ్య ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. మాటకు ముందు 'విత్ రిఫరెన్స్ టు' లేకపోతే ఆయన నోరు కదలదు.

"విత్ రిఫరెన్స్ టు దిస్ టెంపుల్," అన్నాడు గాలిగోపురం చూపిస్తూ, "రామా, సీతా, లక్ష్మణా. ఆల్ ఫ్యామిలీ మెంబర్స్ ప్రెజెంట్."

యరోస్లావ్ టోపీ తీసి తలవంచాడు. అతని ఇంగ్లీషు ఇంతకంటే మెరుగేం కాదు గనక ఇద్దరికీ చక్కగా కుదిరింది.

మండపం దగ్గర సన్నాయి వాయించే ముసలాయన వాళ్ళ క్లారినెట్టు అడిగి పుచ్చుకుని ఒక్క ఊపులో ఊదేశాడు. క్లారినెట్టు పిల్ల ఆయన సన్నాయి అందుకుంది. బుగ్గలు బూరెలయ్యాయి, కళ్ళు బయటికొచ్చాయి, గాలి తప్ప చప్పుడు రాలేదు. సన్నాయి నొక్కులు నొక్కడం ఆఫీసులో అటెండరు మొదలు అందరికీ వచ్చుగానీ అసలు సన్నాయి సంగతి వేరని బసవపున్నయ్యకు అప్పుడు తెలిసింది.

పర్ణశాలలో సీతమ్మ చీర ఆరేసిన రాళ్ళు చూపించాడు. రాతిమీది చారలు చీర అంచులే అని చెప్పాడు. యరోస్లావ్ వంగి వేళ్ళతో తడిమి, "డ్రై," అన్నాడు మెచ్చుకోలుగా. గోదారి ఒడ్డున అన్నాల పొట్లాలు విప్పారు. గోంగూర పచ్చడి తిన్న ట్రంపెట్టు మనిషి దాహానికి నీళ్ళు తాగి, అటుపైన ఎవరూ అడక్కుండానే లేచి పది నిమిషాలు వాయించాడు. నదిలో వలలు తీస్తున్నవాళ్ళు పడవలు ఆపి విన్నారు.

దర్శనం అయింది, ప్రదర్శన మిగిలింది. బసవపున్నయ్య వాచీ చూసుకున్నాడు. పెద్దసారు గూడేనికి వేరే కారులో వస్తాడు.

తారురోడ్డు వదిలి, బండ్లబాట పట్టి, వాగు దాటుతుండగా డోలు వినిపించింది.

"అబ్బ! ప్రాక్టీసు మొదలెట్టేశారు" అన్నాడు బసవపున్నయ్య. చాలా ఏళ్ళలో మొదటిసారి ఆయన ప్రాణం కుదుటపడింది.

లాలు స్టీరింగు మీద చెయ్యి ఆపాడు. "ఇది పెండ్లి దెబ్బ కాదు సార్. పండుగదీ కాదు."

"మరేంటి?"

"ఎవలో పోయిండ్రు."

పోయింది బొజ్జయ్య. గూడెంలో పెద్దడోలు అతనిదే. మంత్రులొస్తే అతన్నే పిలిచేవాళ్ళు, ఆగస్టు పదిహేనుకు అతన్నే పిలిచేవాళ్ళు. ఆ పిలుపు మోసుకెళ్ళేది బసవపున్నయ్య. వెళ్ళిన ప్రతిసారీ బొజ్జయ్య ఒక్కటే అడిగేవాడు: "సారూ, మీదేవూరు?" బసవపున్నయ్య ఒకసారి కృష్ణాజిల్లా అన్నాడు, ఒకసారి అశ్వారావుపేట అన్నాడు, ఒకసారి బదిలీ అయితే చెబుతానన్నాడు. ఏది చెప్పినా బొజ్జయ్య నమ్మినట్టు కనబడలేదు. వచ్చేసారి మళ్ళీ అడిగేవాడు.

ఇప్పుడు గూడెం నడుమ పందిరికింద మంచం మీద పడుకుని ఉన్నాడు. ఇక అడగడు.

పొలిమేర దగ్గర అతని అన్న దూలయ్య ఎదురొచ్చాడు. చేతులు కట్టుకోలేదు, నమస్కారం పెట్టలేదు. ఆ రోజు అతను సారుకు మర్యాదలు చేసే పనిలో లేడు.

"తెల్లారుజామున పోయిండు సారూ. మనిషిని పంపిస్తిమి గానీ మీరు గుడికాడ ఉన్నరంట."

బసవపున్నయ్య గొంతులో రెండు మాటలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. 'అయ్యో' ముందు వచ్చింది. దాని వెనకే, ఎక్కువ దూరం లేకుండా, రెండోది వచ్చింది.

"మరి... ప్రోగ్రాం దూలయ్యా? పెద్దసారు వస్తున్నాడు. ఒక్క పావుగంట. కొమ్ములు పెట్టుకుని అట్లా నిలబడి, డోలు రెండు దెబ్బలు..."

"డోలు మాది కాదు సారూ ఇయ్యాల."

"ఎవరిది మరి?"

"గాయనది. మనిషి పోతే మా గూడెంల డోలు ఆయనకే ఇచ్చేస్తం. కాలబెట్టి వచ్చేదాంక ఆయన సొమ్మే. కావాలంటే పోయి ఆయన్నే అడుగు."

బసవపున్నయ్య అనుకోకుండా పందిరి వైపు చూశాడు. బొజ్జయ్య ఒప్పుకునే వాలకంలో లేడు.

ఆయన దగ్గర ఇంకో దారి ఉంది. గూడెంలో పట్టాలు రావలసినవాళ్ళున్నారు, రేషన్‌కార్డులు రావలసినవాళ్ళున్నారు. ఆ కాగితాలన్నీ తన బల్లమీంచే పోతాయి. ఒక్కమాట అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో యరోస్లావ్ వ్యాను దిగి దగ్గరకొచ్చాడు.

"వాట్?" అన్నాడు.

"విత్ రిఫరెన్స్ టు ది డ్రమ్," అన్నాడు బసవపున్నయ్య, "వన్ మెంబర్ ఎక్స్‌పైర్డ్. హెన్స్ ప్రోగ్రాం... ప్రోగ్రాం..."

ఆ వాక్యం ఎట్లా ముగించాలో ఆయనకు తెలియలేదు. ముగిస్తే అందులో తన బదిలీ కూడా ముగుస్తుంది.

యరోస్లావ్‌కు ముగింపు అవసరం లేకపోయింది. టోపీ తీశాడు. వ్యాను దగ్గరికెళ్ళి తనవాళ్ళతో ఏదో అన్నాడు. మేళంలో నవ్వుకుంటున్న పిల్లలు నవ్వు ఆపేశారు. పైకోట్ల గుండీలు పెట్టుకున్నారు.

"అట్ హోమ్ ఆల్సో," అన్నాడు యరోస్లావ్ తిరిగొచ్చి. వేలితో గాలిలో గీసి చూపించాడు, ముందు శవపేటిక, వెనక తన మేళం. "వెడ్డింగ్, వుయ్ ప్లే. డెడ్, వుయ్ ప్లే. సేమ్ పీపుల్." బొజ్జయ్య డోలు వైపు చూపించి, తన గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమంటాండు?" అన్నాడు దూలయ్య.

"వాళ్ళూ డోలోళ్ళేనంట. వాళ్ళ ఊళ్ళో చావులకు వాయిస్తారంట. బొజ్జయ్యకు వాయిస్తామంటున్నారు."

దూలయ్య ఆలోచించాడు. ఇది తేలిగ్గా తేలే విషయం కాదు. ఆ గూడెం కట్టుబాటు ప్రకారం, మనిషి పోతే చుట్టాల ఊళ్ళ డోళ్ళు వస్తాయి. వచ్చిన డోలు పొలిమేరలో ఆగి మోగాలి. లోపలి డోలు బదులివ్వాలి. అప్పుడు ఎవరో ఒకరు ముందుకొచ్చి ఇది ఫలానా ఊరి డోలు, నేను దీని మనిషిని అని చెప్పాలి. ఎన్ని ఊళ్ళ డోళ్ళొస్తే అంత గౌరవం. పొద్దుటినించీ నాలుగైదు దగ్గరి గూడేలవే వచ్చాయి.

పందిరికింద నుంచి బొజ్జయ్య కూతురు గంగక్క లేచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది గానీ మాట పోలేదు.

"పెద్దయ్యా, మా అయ్య ఎన్నూర్లకో డోలు మోసిండు. అశ్వారావుపేట దాంక మోసిండు. ఇప్పుడు గింత దూరపు డోలు ఆయన కోసం వస్తే వాకిట్ల నిలబెడ్తవా?"

"నిలబెట్టనే. మనిషి కావాలె గదా. డోలెనక మనిషెవరు?"

అందరూ బసవపున్నయ్య వైపు చూశారు. ఆయన తన వెనక్కి చూశాడు. వెనక వాగు తప్ప ఎవరూ లేరు.

"నేనే వీళ్ళ మనిషిని" అన్నాడు. కార్యక్రమం ఇన్‌చార్జిగా అది నిజమే కదా అనుకున్నాడు.

"ఆలోచించుకో సారూ. వచ్చిన డోలు ఏడాదికి చేసే పెద్దదినానికి మళ్ల రావాలె. వచ్చే ఏడు, ఇప్పపువ్వు రాలేటప్పుడు. రాకుంటే ఆయన తొవ్వల నిలబడిపోతడు, అటు కాక, ఇటు కాక. ఈ తెల్లోళ్ళు రారు. నువ్వు తేవాలె."

"వస్తుంది" అన్నాడు బసవపున్నయ్య.

ఆ మాట ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. రోడ్డు? వస్తుంది. కార్డు? వస్తుంది. ఆ సీటులో కూర్చున్నవాడు అనవలసిన మాట అదొక్కటే.

దూలయ్య ఆయన మొహంలోకి చూశాడు. "బోరింగు గూడ గట్లనే వస్తదన్నవ్ సారూ. ఇంకా వాగునీళ్ళే తాగుతున్నం."

బోరింగు సంగతి ఎంత బోరింగో అన్న పాత చమత్కారం ఒకటి బసవపున్నయ్యకు తయారుగా ఉంది. ఆఫీసులో బాగా పేలింది. ఇక్కడ దాన్ని బయటికి తీయలేదు.

"డోలు వస్తుంది" అన్నాడు మళ్ళీ, ఈసారి కొంచెం నెమ్మదిగా.

మేళం పొలిమేరలో వరుసగా నిలబడింది. వాళ్ళ పెద్ద డ్రమ్ము మోగింది, ఆగి ఆగి, నడవలేని మనిషి అడుగుల్లా. లోపలి నుంచి బొజ్జయ్య డోలు బదులిచ్చింది. అప్పుడు బాకాలెత్తారు. బసవపున్నయ్య విన్నవన్నీ పెళ్ళి బ్యాండ్లే. ఇత్తడి ఇంత మెల్లగా మాట్లాడుతుందని ఆయనకు తెలియదు. పాట పందిరిదాకా నడిచింది. మంచం పక్కన ఆగింది. వాళ్ళు ఆపితే డోళ్ళు అందుకున్నాయి, డోళ్ళు ఆపితే వాళ్ళు అందుకున్నారు. డ్రమ్ము మనిషి కోయదెబ్బను పట్టుకోబోయి తప్పాడు. దూలయ్య వెళ్ళి అతని మణికట్టు పట్టుకుని రెండుసార్లు కొట్టించి వదిలేశాడు. తూబా ఒక్కటే అడుగునుంచి మూలిగింది.

"దున్న" అంది గంగక్క దాన్ని చూస్తూ. "కొమ్ముల్లేని అడవిదున్న."

సరిగ్గా ఆ సమయానికి కొమ్ములున్న పెద్దసారు దిగాడు.

"శభాష్, మొదలైందే!" అంటూ నాలుగడుగులు వేసి, మంచం చూసి ఆగిపోయాడు. బసవపున్నయ్యను చింతచెట్టు పక్కకు పిలిచాడు.

"ఏంటయ్యా ఇది? కొమ్ములేవి?"

"చావు సార్."

"ఎవరిది?"

రాఘవమ్మ ముఖం గుర్తొచ్చి 'నాదే' అనబోయి ఆయన ఆపుకున్నాడు. "డోలు బొజ్జయ్యది సార్. డోలు ఇప్పుడు ఆయన దగ్గరుంది."

"లేపి తీసుకోవయ్యా."

"లేవడు సార్."

పెద్దసారు ఆయన్ని ఎగాదిగా చూశాడు. చమత్కారమా, తిరుగుబాటా తేల్చుకోలేకపోయాడు. ఫొటోగ్రాఫరు పెట్టె మూసేశాడు. కారు వెనక్కి తిరిగింది. బసవపున్నయ్య బదిలీ కూడా ఆ కారులోనే కూర్చుని దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. ఈ కబురు విన్నాక రాఘవమ్మ వరసగా మూడు ఆదివారాలు పప్పుచారే పెట్టింది.

బ్యాండువాళ్ళు మర్నాడు విశాఖపట్నం వెళ్ళిపోయారు. వెళ్ళేముందు యరోస్లావ్ బసవపున్నయ్యను కావలించుకుని ఏదో పొడుగ్గా చెప్పాడు. విత్ రిఫరెన్స్ టు దేన్ని గురించో ఆయనకు అర్థం కాలేదు.

ఆ తర్వాత జరిగినదానిలో ఎవరి గొప్పా లేదు. వానాకాలంలో పెద్దసారుకే బదిలీ అయింది. కొత్తసారు వచ్చి బీరువాలు దులిపాడు. దుమ్ముతోపాటు బసవపున్నయ్య ఫైలు కూడా కింద పడింది. ఎవరిదో, ఎందుకో అడక్కుండా సంతకం పెట్టేశాడు. బసవపున్నయ్య ట్రంకుపెట్టె, మంచం, కిరసనాయిలు స్టవ్వుతో సహా ఖానాపురం హవేలిలో దిగాడు. రాఘవమ్మ కోడిని కోసింది.

ఎండలు ముదురుతుండగా లాలు ఏదో పనిమీద ఖమ్మం వచ్చి, ఇంటికొచ్చి మజ్జిగ తాగాడు.

"గంగక్క చెప్పమంది సార్. ఇప్పపువ్వు రాలుతాందంట."

"ఏం రాలితే మీకేంటండీ?" అంది రాఘవమ్మ. "మీకిప్పుడు ఆ అడవితో ఏం సంబంధం?"

ఎన్నడూ లేనిది బసవపున్నయ్యకు చమత్కారం తట్టలేదు. సాయంత్రం చొక్కా వేసుకుని బ్యాండు మేళాలు కిరాయికిచ్చే దుకాణానికి వెళ్ళాడు.

"పెళ్ళెప్పుడు సార్?" అన్నాడు దుకాణమాయన.

"చావు."

"అయ్యయ్యో. ఎప్పుడు పోయారు?"

"పోయినేడాది."

దుకాణమాయన మెడలో వేసుకునే డ్రమ్ము ఒకటి ఇచ్చాడు. మేళం వద్దా అంటే వద్దన్నాడు, డోలు చాలన్నాడు. అంతవరకూ బసవపున్నయ్య బల్లమీద వేళ్ళు తప్ప దేనిమీదా దరువు వేసినవాడు కాదు. దుకాణమాయన తనకు తెలిసిన దరువుల్లో తేలికైనది నేర్పాడు. అది పెళ్ళికొడుకు కారెక్కేటప్పుడు కొట్టేది.

"దీన్నే మెల్లగా కొడితే?" అన్నాడు బసవపున్నయ్య.

"మెల్లగా కొడితే పెళ్ళికొడుకు ఏడుస్తాడు సార్."

"అట్లాంటిదే కావాలి."

డ్రమ్ము బయటికి పట్టుకెళుతుంటే రాఘవమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. కాసేపటికి లోపలికెళ్ళి పులిహోర పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. "చావింటికి ఉత్తచేతుల్తో పోతారా?" అంది.

బస్సులో కండక్టరు డ్రమ్ముకు టికెట్టు అడిగాడు. మనిషిలాగా ఒడిలో కూర్చుందిగా అని అతని వాదన. లాలు జీపు దొరకలేదు. తారురోడ్డు మీద దిగి, బండ్లబాట పట్టి, వాగులో చెప్పులు చేతబట్టుకుని దాటాడు. గాలినిండా ఇప్పపువ్వు వాసన.

పొలిమేరలో ఆగాడు. లోపల జనం కనిపిస్తున్నారు, డోళ్ళు కనిపిస్తున్నాయి. ఎవరూ ఇటు చూడటంలేదు. ఇట్లాగే వెనక్కి తిరిగితే వచ్చిన సంగతి ఎవరికీ తెలియదని తోచింది. పుల్లలు తీసి కొట్టాడు. దరువు తప్పింది. మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి యరోస్లావ్ డ్రమ్ము మనిషిని గుర్తుచేసుకుంటూ ఆగి ఆగి కొట్టాడు.

లోపల మాటలు ఆగిపోయాయి. తర్వాత బొజ్జయ్య డోలు బదులిచ్చింది.

దూలయ్య నడిచొచ్చి, ఇంతకుముందెప్పుడూ చూడనివాణ్ణి చూసినట్టు నిలబడ్డాడు. కట్టుబాటు అట్లాగే ఉంటుంది.

"ఏ ఊరి డోలు?"

"ఖానాపురం హవేలి" అన్నాడు బసవపున్నయ్య. ఈ ప్రశ్నకు ఆయన జీవితంలో ఇంత సూటిగా జవాబు చెప్పడం ఇదే మొదలు.

"ఎవలి మనిషివి?"

"బొజ్జయ్య మనిషిని."

దూలయ్య వంగి డ్రమ్మును వేలితో తట్టి చూశాడు. "సొంతదా?"

"కిరాయిది."

"దెబ్బలోనే తెలుస్తాంది." తిరిగి నడవడం మొదలుపెట్టాడు. బసవపున్నయ్య పక్కన నడిచాడు. కొంతదూరం పోయాక దూలయ్య మామూలు గొంతుతో అడిగాడు. "సారూ, మరి బోరింగెప్పుడొస్తది?"

బసవపున్నయ్య పెదవులు అలవాటుగా 'వ' దగ్గరికి చేరాయి. అక్కడ ఆగాయి.

"తెలియదు దూలయ్యా."

దూలయ్య తలూపాడు. పందిరికింద నుంచి గంగక్క కేకేసింది.

"డోలు ఆగిందేంది? నడుచుకుంటనే కొట్టాలె!"

బసవపున్నయ్య పులిహోర పొట్లాన్ని దూలయ్య చేతికిచ్చి, పుల్లలు సరిగ్గా పట్టుకున్నాడు.